తొమ్మిదో మెట్టు

రాజం మేస్త్రి ఆ మాటను నాకేదో ఉపకారం చేసినట్టే చెప్పాడు. కొత్త ఇంటి హాల్లో బంతిపూల దండల కింద నిలబడి, నోట్లో వక్కపలుకును ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంటూ, చుట్టాలందరూ వ్రతం ఎప్పుడు మొదలవుతుందా అని ఫోన్లలో టైము చూసుకుంటున్న వేళ, "నీ ఇనుము దేవుని గూట్లెకొచ్చింది స్వామన్నా," అన్నాడు. "అవ్వ జూసి వద్దన్నది, దేవుని ఎనక ఇనుమేందని. నేనే గ్రైండర్ వెట్టి కోసేసిన. గోడ గూడ జర లోపటికి కొట్టి, మీద పాలరాయి వెట్టి సాఫ్ జేసిన. పొయ్యి జూడు, ఎంత మంచిగొచ్చిందో." నేను నవ్వాను. తల కూడా ఊపినట్టున్నాను. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే ఆ మాట అర్థమైంది. చేతిలో ఉన్న కూల్‌డ్రింక్ గ్లాసు దానంతటదే పక్క బల్ల మీదికి పోయింది, కాళ్లు పూజ గది దాకా పోయి గడప ఇవతల ఆగిపోయాయి. లోపల గూట్లో దీపం వెలుగుతోంది. దీపం సరిగ్గా నా నుదుటి ఎత్తులో ఉంది. గోడకు ఇటు వైపు నా నుదుటి ఎత్తులో ఉండేది తొమ్మిదో మెట్టు.

మొత్తం పదిహేడు మెట్లు. బేసి సంఖ్యే ఉండాలని వాస్తు ఆయన అంటే పదహారు గీసినదాన్ని పదిహేడు చేశాం. ఆర్మూరులో వీటిని గాలిమెట్లంటారు, పెర్కిట్ చౌరస్తాలో నా షెడ్డు కూడా గాలిమెట్ల స్వామి షెడ్డయిపోయింది. టేకు పలక ఒకటి గోడలోంచి పుట్టి గాలిలో ఆగినట్టు కనబడుతుంది, కింద స్తంభం లేదు, పక్కన దూలం లేదు, చూసినవాళ్లంతా మొదట వంగి కింద ఏముందోనని చూస్తారు. కింద ఏమీ ఉండదు, అంతా గోడ అవతల ఉంటుంది. ప్రతి మెట్టుకూ లోపల రెండు ఇనుప కడ్డీలు, అవి ఎనిమిదంగుళాల కాంక్రీటు గోడను దాటి వెనక్కు పోతాయి, అక్కడ ఒక మందపాటి ఇనుప పలకకు వాటిని నట్లతో బిగిస్తాను. ఎక్కినవాడి బరువును మోసేది వాడి కాలి కింది చెక్క కాదు, వాడికి కనబడని ఆ పలక. తొమ్మిదో మెట్టుకు ఇప్పుడు ఆ పలక లేదు. గూడు కోసం కొట్టగా మిగిలిన నాలుగంగుళాల గోడ, అందులో కొసలు తెగిన రెండు కడ్డీలు, చుట్టూ ఇంత జిగురు మందు. ఒక మనిషిని ఆపుతుంది, పొద్దుటి నుంచి ఎంతమంది ఎక్కి దిగలేదు? ఇద్దరినైతే? ఆపవచ్చు, ఆపకపోవచ్చు. ముగ్గురినైతే? పదేళ్ల నుంచి ఈ పని చేస్తున్నాను, ఇంత గలీజు లెక్క ఎప్పుడూ వేయలేదు.

నేను ముందే చూసి ఉండాల్సింది. కానీ ఎట్లా చూసేది? పూజ గది పని మొదలైన రోజు భూమేశ్వర్ సేటు, ఈ ఇంటి యజమాని, పసుపు యార్డులో కమీషన్ దుకాణం ఉన్నాయన, నా భుజం మీద చెయ్యేసి ఎంతో మర్యాదగా, "గా రూముల పనికి నువ్వు రాకున్నా నడుస్తది స్వామీ, అదంత రాజం జూస్కుంటడు," అన్నాడు. పేరు స్వామి, పోయేది చర్చికి. మా నాయన బాప్తిస్మం తీసుకోకముందు పెట్టిన పేరు, పాస్టర్ గారు మార్చుదామన్నా మా అమ్మ వినలేదు. సేటు మాటకు నాకు కోపం రాలేదు. రానందుకు ఇప్పుడు వస్తోంది. ఆ రోజు నేను ఆ గదిలో ఉంటే రాజం గ్రైండర్ ఎత్తగానే చెయ్యి పట్టుకునేవాణ్ని. నేను లేను, సేటు వాళ్ల తల్లి భాగ్యవ్వ ఉంది. ఆమెకు దేవుడు తెలుసు, నాకు ఇనుము తెలుసు, గోడకు ఆమె ఆ వైపు, నేను ఈ వైపు. అట్లాగని తప్పంతా వాళ్ల మీద తోసేసి నిమ్మళంగా కూర్చోవడానికి కూడా లేదు. పోయిన వారం పాలిష్ చూడటానికి వచ్చి పదిహేడు మెట్లూ ఎక్కి దిగాను. అవతల నుంచి ఒక్కసారి చూసి వస్తాను సేటూ అంటే కాదనేవాడో కాదో, అడగడానికే నోరు రాలేదు. అవసరం లేని చోట ఏనుగంత మాటలు వాగే నోరు అది.

చెప్పాను. చెప్పలేదని రేపు ఎవరూ అనకూడదు. పట్టు పంచె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పోతున్న సేటును ఆపి, "సేటూ, తొమ్మిదో మెట్టు మీద ఎవ్వరిని ఎక్కనియ్యద్దు, ఎనక పలక కోసేసిండ్రు," అన్నాను. ప్రయాణానికి బయల్దేరుతుంటే ఎవరో తుమ్మినట్టు చూశాడు. "ఏం మాట్లాడుతున్నవ్ స్వామీ, గీ టైముకు?" రాజంను పిలిచాను. ఇందాక అంత గొప్పగా చెప్పుకున్నవాడు సేటు ముఖం చూడగానే వక్కపలుకు మింగేశాడు. "నేనేం కోసిన సేటూ? అవ్వ చెప్పింది, బయటికొచ్చిన ముక్క దీసిన, గంతే." గంతేనా రాజం, అన్నాను. గంతే, అన్నాడు, అని భోజనాల పందిరి వైపు పోయాడు. సేటు నా చెవి దగ్గరికి వంగాడు. "నలుగురు హమాలీలను ఒక్క మెట్టు మీద నిలవెట్టి వీడియో దీసింది నువ్వే గదా. ఏనుగెక్కినా ఏం గాదంటివి. చుట్టాలంత వచ్చినంక గీ అశుభం మాటలేంది? రేపొచ్చి ఏం జేస్కుంటవో జేస్కో. గియ్యాల మాత్రం నోరు తెరవకు." ఆ వీడియో నిజమే, ఆ మాటా నాదే. తా తీసిన గోతిలో తానే పడటమంటే ఇదే కాబోలు. నిజామాబాద్‌లో ఉండే ఇంజనీరుకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఆదివారం, ఎత్తలేదు. పూలు వేసిన ఇత్తడి బిందె ఒకటి మోసుకుపోయి ఎవరూ కాలు పెట్టకుండా ఆ మెట్టు మీద పెట్టాను. పెట్టి కిందికి దిగేలోగా ఫోటోగ్రాఫర్ దాన్ని తీసి పక్కన పెట్టేశాడు, ఫ్రేముకు అడ్డమొస్తుందట.

వాడికో ఆలోచన వచ్చింది. పదిహేడు మెట్ల మీద కుటుంబమంతా, మెట్టుకొకరు, అద్దాల రెయిలింగ్ ఇంకా రాలేదు కాబట్టి అడ్డమేమీ లేదు, అందరూ గాలిలో నిలబడ్డట్టు వస్తుందట. "పెద్దవ్వను నడుమ కూసోవెట్టుండ్రి, పక్కపొంటి అక్క కలశం వట్టుకొని నిలవడాలె," అన్నాడు. నడుమ అంటే పదిహేడింట్లో తొమ్మిది, లెక్క పెట్టక్కర్లేదు. భాగ్యవ్వను ఇద్దరు పట్టుకుని ఎక్కిస్తున్నారు, ఆమె కూతురు పూర్ణిమ నీళ్ల కలశంతో వెనకే ఎక్కుతోంది. ఇద్దరు, ఒక కలశం నీళ్లు. అరుద్దామనుకున్నాను. ఏమని అరవాలి? పాము పాము అని అరిస్తే దిగుతారేమో, కానీ తోసుకుంటూ దిగుతారు, నలుగురైదుగురు ఒకేసారి ఆ మెట్టు మీదే పడతారు. అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాను. మెట్ల కిందికి, కానుకల సంచులు పెట్టిన సందులోకి దూరి, తొమ్మిదో మెట్టు కింద కొంచెం వంగి, రెండు అరచేతులూ పైకెత్తి దాన్ని పట్టుకున్నాను.

కళ్లు మూసుకున్నాను. గాలిమెట్లకు మధ్యలో అడ్డు పలకలుండవు, ఆడవాళ్లు చీరల్లో ఎక్కుతుంటే కింద మగవాడు నిలబడితే ఏమవుతుందో నాకు తెలియక కాదు, అందుకే మూసుకున్నాను, మూసుకుని అరచేతులతోనే చూస్తున్నాను. భాగ్యవ్వ కూర్చుంది, చెక్క కొంచెం దిగింది, వెంట్రుక వాసి, ఇంకెవరికీ తెలియదు. పూర్ణిమ కాలు పెట్టింది, ఇంకో వెంట్రుక. నేను పైకి తోశాను, ఆగింది. నేను ఆపితే ఆగిందా, దానంతటదే ఆగిందా, ఎవరు చెప్పాలి నాకు. దుబాయిలో ఒకసారి ఇట్లాగే పట్టుకున్నాను, ఎవరో అరబ్బు విల్లాలో, జిగురు మందు ఇంకా గట్టిపడకముందే కింద ఆనించిన కర్ర పోటు జారిపోయి, నలభై నిమిషాలు, ఫోర్‌మన్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని కదలకు కదలకు అంటూనే ఉన్నాడు. మెట్టు నిలిచింది, నాకు మూడు రోజులు అన్నం ముద్ద నోటికి ఎత్తరాలేదు. కానీ అక్కడ నలభై నిమిషాలని తెలుసు, మందు డబ్బా మీద రాసి ఉంది. ఇక్కడ ఎన్ని? ఫోటోగ్రాఫర్ ఇంకా చీరల రంగులు సరిచేస్తున్నాడు, నీలం చీరక్కా నువ్వు రెండు మెట్లు పైకి పో అంటున్నాడు, పోవద్దక్కా, ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి తల్లీ. మా నాయన పసుపు యార్డులో హమాలీ. సీజన్లో ఇంటికొస్తే మెడ, చెవులు, కనురెప్పలు కూడా పచ్చగా ఉండేవి, ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని చర్చిలో కూర్చుంటే ప్రార్థన అయ్యేసరికి కాలరు పచ్చగా అయ్యేది, నాకు సిగ్గుగా ఉండేది. బస్తా ఎత్తుకున్నంక ఆలోచన జేయద్దు కొడుకా, నడువాలె, అనేవాడు. నడవడానికి ఎక్కడుంది నాయనా, ఇది నడిచే బస్తా కాదు. నీ బస్తాకు దించేచోటు ఉండేది. చెమట కళ్లలోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. అవ్వ కాలి మట్టెలు కింది మెట్టు చెక్కకు తగిలి టక్కుమన్నాయి, అంత చిన్న చప్పుడుకే నేను ఇంకా గట్టిగా పైకి తోశాను. ప్రభువా, ఈ ఒక్క ఫోటో. ఈ ఒక్క ఫోటో అయిపోనీ, తర్వాత ఈ గోడంతా నేనే పగలగొట్టి నేనే కడతాను. వన్, అన్నాడు ఫోటోగ్రాఫర్. టూ.

"ఎవడాడు? కింద ఎవడున్నడు?" పూర్ణిమ కేక. మెట్ల సందుల్లోంచి కిందికి చూసినట్టుంది. కళ్లు తెరిచాను, తెరవకుండా ఉండాల్సింది, తెరిచేసరికి ఆమె కళ్లే కనబడ్డాయి, పైన పసుపు పాదాలు, చీర అంచులు, వాటి మధ్యలో నా ముఖం. చీరలన్నీ ఒక్కసారి దగ్గరికి ముడుచుకున్నాయి. ఆమె కొడుకు రాహుల్ వచ్చి నా కాలరు పట్టుకున్నాడు. "వదులు బాబూ, ఒక్క నిమిషం, వాళ్లను దిగనియ్యి, నేను మెట్టు వట్టుకున్న," అన్నాను. "మెట్టు వట్టుకున్నడట!" ఎవరో నవ్వారు. "ఆడోళ్లు ఎక్కుతుంటే కిందికెల్లి జూసుకుంట మెట్టు వట్టుకున్నడట!" చేతులు వదిలితే అవ్వ పడుతుంది, వదలకపోతే ఈ మాట నిజమవుతుంది. వదల్లేదు. రాహుల్ గుంజాడు, ఇంకో ఇద్దరు వచ్చారు, వేళ్లు ఒక్కొక్కటే ఊడిపోయాయి. పడిపోయిందేమోనని వెనక్కి చూశాను. మెట్టు అక్కడే ఉంది. నిలబడి నన్ను అబద్ధాలకోరును చేసింది. నిలిచినందుకు దండం పెట్టాలా, ఏడవాలా తెలియలేదు. సేటు అరవలేదు, అరిస్తే బాగుండేది. "ఇంట్ల మనిషి లెక్క జూసిన గదరా నిన్ను," అన్నాడంతే, గడప బయటికి చెయ్యి చూపించాడు.

గడప బయట నిలబడ్డాను. చెప్పులు కూడా వేసుకోలేదు. మా ఆవిడ ఎస్తేరు చుట్టాల మధ్యలోంచి తలవంచుకుని వచ్చింది, ఆమెకు దారి ఇచ్చిన ఆడవాళ్లు అవసరమైనదానికంటే ఎక్కువే పక్కకు జరిగారు. "నువ్వు గసుంటోడివి కాదని నాకెర్కే," అంది నా దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించి. "గక్కడికెందుకు పోయినవ్?" చెప్పాను. వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు బొయ్యి చెప్పు ఎస్తేరూ, ఆడదానివి, వింటరు." ఆమె లోపలికి చూసింది, నా వైపు చూసింది. "నేను చెప్తే ఏమంటరు? మొగుణ్ని కాపాడుకోనీకి అబద్ధమాడుతుందంటరు." అంటారు. నేనే అయినా అదే అనుకునేవాణ్ని. ఫోటోలు అయిపోయాయి, పంతులు పైనుంచి పిలుస్తున్నాడు, వ్రతం పైన పెద్ద హాల్లో. ఒక్కొక్కరే ఎక్కుతున్నారు, తొమ్మిది దాటినప్పుడల్లా నేను గుటక మింగుతున్నాను, గుటకలతోనే లెక్క తెలుస్తోంది, ముప్పై రెండు, ముప్పై మూడు. ఈ ఇంట్లో పైకి పోవడానికి, కిందికి రావడానికి ఇంకో దారి లేదు. బయట నుంచి కూడా మెట్లు కడదామని సేటే అంటే, ఇంత అందమైనవి లోపల పెట్టుకుని అవెందుకు సేటూ అన్నది నేను. లిఫ్టుకు గుంత ఉంది, లిఫ్టు దీపావళికి వస్తుందట.

భాగ్యవ్వ మాత్రం పైకి పోలేదు. "కదిలింది," అంటోంది, ఒకటే మాట, "నా కింద చెక్క కదిలింది." పూర్ణిమ ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. "ఉపాసమున్నవు గదనే అవ్వా, కండ్లు దిరిగినయి. జరసేపు గాలికి కూసో," అని, నా వైపు చూడకుండా లోపలికి పోయింది. అవ్వ నా వైపు చూసింది. డెబ్బై ఎనిమిదేళ్లు, ఒకప్పుడు ఈమె కూడా యార్డులో పసుపు కొమ్ములు ఏరినదేనని మా నాయన చెప్పేవాడు. "ఒరే, నువ్వు వట్టుకున్నప్పుడు కదల్లే," అంది. "నిన్ను గుంజినంక కదిలింది." నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇంత పెద్ద ఇంట్లో ఒక్క మనిషికి తెలిసింది. అవునవ్వా అన్నాను. ఏమైందిరా దానికి, అంది. చెప్పాను, గోడకు ఆ వైపు పలక, గూడు, గ్రైండర్. "కోయమన్నది నేనే. గా ఇనుమే మమ్ముల మోస్తున్నదని నాకెవ్వరు చెప్పలే బిడ్డా." నన్నెవరూ లోపలికి పిలవలేదవ్వా, అనబోయాను. ఆ ముసలి ముఖం మీద ఆ మాట వేయబుద్ధి కాలేదు. "జేయి వట్టి లేపు," అంది. ఎస్తేరు లేపింది. "నేను చెప్త. నా కొడుకు నా మాట ఇంటడు."

పోయి మొదటి మెట్టు మీద కూర్చుంది. రెండు చేతులూ చాపింది, ఎవరూ దాటకుండా. "ఎవ్వరు ఎక్కద్దు. మీదున్నోళ్లు ఒక్కొక్కలే దిగుండ్రి, గా నడుమ మెట్టు తొక్కకుండ దిగుండ్రి." మొదట ఎవరో నవ్వారు, తర్వాత ఎవరో అయ్యో అన్నారు, ఫోటోగ్రాఫర్ అదీ తీశాడు. సేటు పరుగున కిందికి దిగాడు, తొమ్మిదో మెట్టు మీద ఆయన మడమ గట్టిగా పడింది. "అవ్వా, లేవే. నీ కాళ్లు మొక్కుత, లేవే." "నువ్వు నా మాట ఇను భూమేశ్వరా. గాడు చెప్పేది నిజం." గాడు అని నా వైపు చెయ్యి చూపించింది, అక్కడితో ఆమె మాటకు విలువ పోయింది. సేటు కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, తల్లంటే ప్రాణం ఆయనకు. "షుగర్ డౌనైంది మా అవ్వకు," అన్నాడు చుట్టూ చూసి. "మీద ఏసీ రూముల పండవెడుదాం. రాహుల్, గా పక్క వట్టు."

వద్దురా, అంది ఆమె. ఇద్దరూ చేతులు కలిపి ఆమెను కుర్చీలాగా ఎత్తుకున్నారు, ఎంత జాగ్రత్తగానో, చీర కుచ్చిళ్లు కాళ్లలో పడకుండా సేటే సర్దాడు. ఆమె కొడుకు భుజం మీదుగా నా వైపే చూస్తోంది. నేను గడప దాటి ఒక అడుగు వేశాను, ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపారు. "సేటూ, ముగ్గురెక్కద్దు! సేటూ!" పైన పంతులు గంట వాయించాడు. ఒకటో మెట్టు. రెండు. వాళ్లు పక్కపక్కన ఎక్కుతున్నారు, ఇద్దరి కాళ్లూ ఒకే మెట్టు మీద పడుతున్నాయి. అయిదు. ఆరు. ఎస్తేరు నా చొక్కా వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. ఎనిమిది. తొమ్మిది. గోడలోంచి చిటికెడు తెల్లపొడి రాలింది, ఇందాక నేను నిలబడ్డ చోట. ఎవరూ చూడలేదు, చూసినా అక్షింతల నూక అనుకునేవారు. పది. పదకొండు.

పైకి చేరాక సేటు తల్లిని రాహుల్‌కు అప్పగించి, అంచు మీది నుంచి కిందికి తొంగి చూశాడు. గొంతులో కోపం కూడా పోయింది, నా మీద జాలి పడుతున్నాడు. "జూసినవా స్వామీ? ముగ్గురం ఎక్కినం. ఏమన్న అయిందా?" నేను కింద రాలిన ఆ తెల్లపొడి వైపే చూస్తున్నాను. "చేతులు దించు ఇగ. అందరు జూస్తున్నరు." అప్పుడు చూసుకున్నాను. నా చేతులు రెండూ నుదుటి ఎత్తులో పైకి లేచి ఉన్నాయి, అరచేతులు ఆకాశం వైపు, ఇంత దూరంలో, గుమ్మం దగ్గర. దించుదామంటే దిగడం లేదు. పైన నలభై మందికి పైగా ఉన్నారు. భోజనాలు కింద పెట్టారు.